నైట్ షిఫ్టు ప్రేక్షకులు

మా కళోత్సవ కమిటీలో ఒక ఆచారం ఉంది. మీటింగులో ఎవరైనా నోరు తెరిచి "ఇది కూడా చేస్తే బాగుంటుంది" అన్నారో, ఆ పని వాళ్ల మెడకే చుడతారు. అందుకే పాత మెంబర్లంతా మీటింగుకు వచ్చి, సమోసాలు తిని, చాయ్ తాగి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఇళ్లకు పోతారు. నేను కొత్త మెంబర్ని. పైగా బడిలో టీచర్ని, నోరు ఊరుకోదు. "సాయంత్రం స్టేజీ మీద ఆటపాటలు సరే, పగటిపూట కళల మీద తీసిన సినిమాలు కూడా చూపిస్తే బాగుంటుంది" అన్నాను. అనడమే ఆలస్యం, చప్పట్లు. ఆ చప్పట్లు సినిమాల కోసం కాదనీ, ఈ ఏటి బకరా దొరికినందుకనీ ఇంటికి వెళ్లాక అర్థమైంది.

అలా నేను చలనచిత్ర ప్రదర్శనల కన్వీనర్‌నయ్యాను. నాకో బ్యాడ్జీ ఇచ్చారు. దాని మీద గులాబీ రంగు రిబ్బను పువ్వు, పువ్వు కింద రెండు తోకలు. అది పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఎవరి పెళ్లికో వెళ్తున్నట్టున్నాను. పని సంగతి అడిగితే మాత్రం "మీకు తెలియనిది ఏముంది మేడం" అన్నారు. మా ఊళ్లో ఈ మాటకు అర్థం, ఇక మమ్మల్ని ఏమీ అడగొద్దని.

మా గోదావరిఖనిలో ఈ ఉత్సవాలు నడి ఎండాకాలంలో పెడతారు. ఎండలు అందరికీ ఉంటాయి, కాదనను. కానీ మాకు నెత్తిన సూర్యుడు, కాళ్ల కింద బొగ్గు, పక్కనే రామగుండంలో రాత్రింబవళ్లు ఆరని కరెంటు పొయ్యిలు. మధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. బసంత్‌నగర్ వైపు పోయే సిమెంటు లారీలు తప్ప ప్రాణమున్నదేదీ కదలదు, ఆ లారీలకు కూడా ప్రాణం ఉందనలేం. ఇదే కాలం ఎందుకని అడిగితే కమిటీ అధ్యక్షుడు "పిల్లలకు సెలవులు కదా మేడం" అన్నాడు. నిజమే. సెలవులని పిల్లలంతా అమ్మమ్మల ఊళ్లకు పోయారు.

ఈ అధ్యక్షుడు రిటైరైన ఆఫీసరు. మంచివాడే. ఆయన చేతికి మైకు ఇవ్వడం తేలిక, మళ్లీ తీసుకోవడమే కష్టం.

సినిమాలకు కాలనీ కమ్యూనిటీ హాలు ఇచ్చారు. ఆ హాలును ఈ మధ్యే బాగు చేశారు. గోడంత ఏసీలు, కిటికీలకు దళసరి నల్ల కర్టెన్లు, వెనక్కి ఒరిగే మెత్తటి కుర్చీలు. తలుపు వేస్తే లోపల పట్టపగలే అమావాస్య. ఈ వర్ణన ఊరికే చేయడం లేదు, తర్వాత నా కొంప ముంచినవి ఇవే.

అసలు ఆ మీటింగులో నేను నోరు తెరవడానికి కారణం కళాభిమానమని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. కారణం మా కాక.

కాక అంటే మా నాన్న తమ్ముడు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు ఆన్చే పని చేసి రిటైరయ్యాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. బాయి పని జీతం కోసం, ప్రాణం మాత్రం బుర్రకథ. భుజాన తంబూర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, పక్కన డక్కీలు వాయించే ఇద్దరు వంతగాళ్లు. క్రిస్మస్‌కు చర్చి ముందర ఏసు పుట్టిన కథ చెప్పేవాడు. గనుల రక్షణ వారోత్సవాలప్పుడు బాయి గేటు ముందర ప్రమాదాల కథ చెప్పేవాడు. గోలేటి నుంచి రామకృష్ణాపూర్ దాకా పిలవని చోటు లేదు. వచ్చినవాళ్లలో బాయి టోపీ, అంటే హెల్మెట్, పెట్టుకోని మనిషిని కథ మధ్యలో పట్టుకుని ఎంత ఎగతాళి చేసేవాడంటే, ఒకాయన మర్నాటి నుంచి అన్నం దగ్గర కూడా టోపీ తియ్యలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన కథలో ఇంకో పద్ధతి ఉండేది. ప్రతి ఘట్టం చివర ఆగి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడేవాడు. జనం "ఊ" అనాలి. అనకపోతే కథ ముందుకు పోదు, అంతే. ఎంత పెద్ద ఆఫీసరు ముందు వరుసలో కూర్చున్నా ఊ కొట్టాల్సిందే. చిన్నప్పుడు నేను ఆయన పక్కనే కూర్చుని అందరికన్నా గట్టిగా కొట్టేదాన్ని.

కొన్నేళ్ల కింద కాక గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఇప్పుడు మాట్లాడితే గాలే వస్తుంది, చెవి దగ్గర పెడితే ఆ గాలిలో మాటలుంటాయి. ఆదివారం చర్చిలో ఇప్పటికీ ముందు వరుసలోనే నిలబడతాడు. ఒకప్పుడు పాట ఎత్తేది ఆయనే కాబట్టి ఆ చోటు ఎవరూ తీసుకోరు. అందరూ పాడుతుంటే ఆయన పెదాలు కదుపుతాడు. పక్కన నిలబడి అది చూస్తుంటే నాకు ఏడుపొస్తుంది, నా పాట మధ్యలో ఆగిపోతుంది.

ఆపరేషన్‌కు చాలా ముందు, ఎవరో కెమెరాలు వేసుకొచ్చి కాక చెప్పిన ఒక కథ మొత్తం సినిమాగా తీసుకుపోయారు. తీశాక తప్పకుండా తెచ్చి చూపిస్తామన్నారు. అలా అన్నవాళ్లు తిరిగి రావడం లోకంలో ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు బూజు పట్టి పోయాయి. చివరికి ఈ మధ్య హైదరాబాద్‌లో సినిమాలు సేకరించే ఒకావిడ దగ్గర అది బయటపడింది. ఆమె పంపగానే ఫోనులో వేసుకుని కాక ఇంటికి పరుగెత్తాను.

"కాకా, నీ కథ దొరికింది. సూడు" అని ఫోను ఆయన ముందు పెట్టాను.

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, దాన్ని మంచం మీద బోర్లించాడు.

"కథ ఒక్కనికి చెప్తరా బిడ్డా?" అన్నాడు నా చెవిలో. "ఊ కొట్టేటోళ్లుండాలె. జనం గూసున్నకాడ ఇంట."

"గిప్పుడు జనం యాడికెళ్లొస్తరు కాకా? అందరికి ఇండ్లల్ల టీవీలున్నయ్."

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు తేవాలె."

తన గొంతు తాను విని ఆయనకు ఏళ్లు గడిచాయి. వినాలని ఎంత ఆశ ఉందో ఆ చేతిని చూస్తే తెలిసింది, బోర్లించిన ఫోను మీద నుంచి దాన్ని తియ్యలేదు. అయినా పంతం పంతమే. మా వంశంలో పంతానికి లోటు లేదు, నాకూ అదే వచ్చింది. సరే, జనం కావాలి అంతేగా, హాలు నిండా తెస్తాను అనుకున్నాను. కమిటీ మీటింగులో నోరు తెరిచింది అందుకు. ఉత్సవాల ఆఖరి రోజు, ఆఖరి సినిమాగా కాక కథ పెట్టాను.

మొదటి రోజు పొద్దున ప్రారంభోత్సవం. హాలులో నేను, ప్రొజెక్టర్ నడిపే ఆపరేటరు, అధ్యక్షుడు, ఆయన ప్రసంగం. అంతే. "ఇంత పెద్ద సంఖ్యలో తరలివచ్చిన కళాభిమానులందరికీ" అని ఆయన మొదలుపెట్టాడు. ఎందుకైనా మంచిదని నేను వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ కుర్చీలు ఆయన్ని ఎంతో శ్రద్ధగా వింటున్నాయి. ప్రసంగం అయ్యాక ఆయన "చాలా మంచి సినిమా, తప్పక చూడాలి" అని నాకు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సినిమా విదేశాలది. అందులో ఒక తెల్లామె నాట్యం చేస్తుంది. చేస్తుంది అంటే, ఒక చెయ్యి పైకి లేపుతుంది. ఆ లేపడం మొదలుపెట్టాక మనం ఇంటికి పోయి, పప్పు పొయ్యి మీద వేసి, ఉడికాక దించి వచ్చినా ఆ చెయ్యి ఇంకా భుజం దాకా రాదు. గొప్ప కళ అని, ఈ సినిమాలన్నీ పంపిన హైదరాబాద్ ఆవిడ చెప్పింది. అయ్యే ఉంటుంది.

ఆ చెయ్యి మోచేతి దాకా వచ్చేసరికి తలుపు తెరుచుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. నా ప్రాణం లేచివచ్చింది. చూస్తే మా పక్క క్వార్టరు తమ్ముడు. నైట్ షిఫ్టు చేసి పొద్దున దిగినవాడు, నెత్తిన తడి తువ్వాల. ఎదురెళ్లి కరపత్రం చేతిలో పెట్టాను.

"అక్కా, ఇది ఎంతసేపుంటది?" అన్నాడు.

"గంటన్నర."

"తర్వాత ఇంకోటుంటదా?"

"ఉంటది తమ్మీ. సాయంత్రం దాక ఉంటయ్."

"మంచిగాయె" అని చివరి వరుసలో కూర్చుని, కుర్చీ వెనక్కి ఒరిగించి కళ్లు మూసుకున్నాడు. సంగీతం ఆస్వాదిస్తున్నాడు కాబోలు, ఈ కాలంలో కూడా ఇలాంటి రసికులున్నారు అని మురిసిపోయాను. కాసేపటికి ఆ రసికుడు గురక పెట్టాడు.

రెండో రోజు ఇంకొందరు రసికులు వచ్చారు. మూడో రోజు నేను హాలుకు వచ్చేసరికి గేటు మీద వరుసగా తువ్వాలలు ఆరేసి ఉన్నాయి. చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది, ఒళ్లు మండిపోయింది.

ఆ తువ్వాలల సంగతి చెప్పాలి. రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే, మా కాలనీలో ఆ ఇంటి గేటు మీద ఒక తువ్వాల వేస్తారు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, నాకు తెలివి వచ్చిన నాటి నుంచీ ఉంది. ఆ తువ్వాల కనబడితే కూరగాయల బండామె కేక వెయ్యకుండా దాటుతుంది. పక్కింటామె కుక్కరు విజిల్ రాకముందే పొయ్యి తగ్గిస్తుంది. చుట్టాలు కూడా గేటు దగ్గర గుసగుసలాడి వెనక్కి పోతారు. కానీ ఎండకు తువ్వాల భాష తెలియదు కదా. ఇల్లు పెనంలా కాలుతుంటే, కూలరు ఆ వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతుంటే నిద్ర ఎవరికి పడుతుంది? మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పెడితే అల్మారాలో గిన్నెలన్నీ ఒక్కసారి గల్లుమంటాయి. కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంటే మళ్లీ రాత్రి డ్యూటీకి పోతారు. అలాంటి మనుషులకు నేను ఏసీ పెట్టి, చీకటి చేసి, మెత్తటి కుర్చీలు వేసి, రండి రండి అని పిలిచాను. రాక ఏం చేస్తారు?

పక్క క్వార్టరు తమ్ముడి భార్య ఆ రోజు భర్తను స్వయంగా తీసుకువచ్చింది, పిల్లల్ని అంగన్‌వాడీలో దించినట్టు. చంకలో ఒక దిండు.

"అక్కా, జర ఏసీ తగిలేకాడ గూసోవెట్టు" అంది.

"చెల్లే, ఇది కళల ప్రదర్శన. పండుకునే జాగ కాదు" అన్నాను, బడిలో వాడే గొంతుతో.

"ఎరికే అక్కా. గందుకే గదా వచ్చింది, ఇంట్ల గింత చీకటి యాడిది?" అని దిండు సర్ది, గొంతు తగ్గించి ఇంకో ముక్క చెప్పింది. "నిన్న ఏదో డప్పుల సినిమా ఏసినవట. మాటిమాటికి ఉలికిపడి లేసిండట ఈయన. గసుంటియి వెయ్యకక్కా. మొన్నటిది మంచిగుండెనట, గా తెల్లామె చెయ్యి లేపేది. ఆమె షురువు చేసింది ఎరికేనట గని, లేపిందో లేదో ఎరిక లేదట. గదే మళ్ల వెయ్యరాదు?"

మా ఊళ్లో ఒక విదేశీ కళాచిత్రాన్ని జనం మళ్లీ వెయ్యమని అడగడం అదే మొదలు. బహుశా ఆఖరు కూడా.

నాకు తప్ప అందరికీ సంతోషమే. హాలు నిండిందని తెలిసి అధ్యక్షుడు ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. "చూశారా మేడం, కార్మికుల్లో కళాతృష్ణ ఎంతుందో" అన్నాడు. ఆ తృష్ణ అప్పటికి మూడు స్థాయిల్లో గురక పెడుతోంది. ముందు నుంచి తీద్దామని వెళ్లిన ఫొటోగ్రాఫర్ మూసిన కళ్లు చూసి వెనక వరుస దగ్గరికి వచ్చేశాడు. వెనక నుంచి తీస్తే తలలే కనబడతాయి, కళ్లు కనబడవు. ఆ ఫొటో చూసి హైదరాబాద్ ఆవిడ ఫోను చేసి మురిసిపోయింది. ఈలలు లేవు, ఫోన్లు మోగవు, ఎవరూ మధ్యలో లేచిపోరు, ఇంత క్రమశిక్షణ గల ప్రేక్షకులను తాను ఏ పట్నంలోనూ చూడలేదంది. "మా వాళ్లు అంతేనండీ" అన్నాను.

కానీ ఆఖరి రోజు కాక వస్తాడు. ఊ కొట్టే జనం కావాలన్నాడు. నేను పోగు చేసిన జనం ఇది. ముందు రోజు సాయంత్రం ఆయన ఇంటికి పోతే, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి కొక్కేనికి వేలాడదీసుకున్నాడు. మీసానికి రంగు వేసుకుని, అది ఆరడానికి మూతి బిగబట్టుకుని కూర్చున్నాడు.

"జనం వస్తున్నరా?" అన్నాడు.

"హాలు నిండుతుంది కాకా. కుర్చీలు చాలుతలేవు."

"ఊ కొడుతున్నరా మరి?"

"మస్తు లీనమైతున్నరు" అన్నాను. అబద్ధం కాదు. ఇంతకన్నా లీనమవడం మనిషికి సాధ్యం కాదు.

ఆ రోజు నేను అన్ని ఏర్పాట్లూ చేశాను. పొద్దున్నే పోయి గేటు మీద తువ్వాలలన్నీ లాగేసి, మూట కట్టి, నా కుర్చీ కింద పెట్టాను. అందరికీ అల్లం వేసిన చాయ్ పోయించాను, నిద్ర ఎగిరిపోవాలని. వాళ్లు ఆ చాయ్ తాగి, "సల్లగుండు అక్కా" అని దీవించి, ఇంకా హాయిగా పడుకున్నారు. ఆపరేటరుకు సౌండు చివరి దాకా పెంచమని చెప్పాను. ఏసీ కట్టెయ్యాలన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, అప్పుడు హాలే ఖాళీ అవుతుంది.

కాక వచ్చాడు. ముందు వరుసలో నా పక్కన కూర్చోబెట్టాను. వెనక అంతా చీకటి, నిండా తలలు. ఆయన ఒక్కసారి తిరిగి చూసి, ఆ తలలు చూసి, చొక్కా సవరించుకున్నాడు. అధ్యక్షుడు కాకకు జరీ అంచు ఎర్ర శాలువా కప్పి, స్టేజీ ఎక్కి, కళ గురించి, కార్మికుడి గురించి, కార్మికుడిలో కళ గురించి, కళలో కార్మికుడి గురించి మాట్లాడాడు. ఒక్క మనిషి కదలలేదు. అంత పెద్ద గొంతుకు లేవని వాళ్లను చూస్తే నాకు ఆశ కూడా పోయింది. తర్వాత స్టేజీ దీపాలు ఆరిపోయి, కాక కథ మొదలైంది.

తెర మీద కాక. నల్ల మీసం, ఎర్ర తలపాగా, భుజాన తంబూర. గజ్జె కొట్టి, తల ఎత్తి, రాగం తీశాడు. హాలు గోడలు అదిరాయి. ఆ గొంతు మరిచిపోయానని నాకు అప్పటిదాకా తెలియదు. గనిలో నుంచి పైకొచ్చే గాలిలా అడుగు నుంచి లేచే గొంతు. నాకు దుఃఖం ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కన కాక కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, తెర వైపే చూస్తున్నాడు. రాగంతో పాటు ఆయన మెడ నరం కూడా కదులుతోంది.

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దిగ్గున లేచి "ఏంది, ఏమైంది?" అన్నారు. ఇంకెవరో "జర తగ్గియ్యుండ్రి, రాత్రి మళ్ల డ్యూటీ ఉన్నది" అన్నారు. పక్క క్వార్టరు తమ్ముడు చీకట్లో నన్ను గుర్తుపట్టి "అక్కా, జర సౌండు" అని బతిమాలాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"తగ్గియ్య" అన్నాను. "ఇన్నొద్దులు పండుకున్నరు, నేనేమన్న అన్ననా? గీ ఒక్కటి కూసోని సూడుండ్రి. ఆ తెర మీద మనిషి మా కాక. ఆ గొంతు ఇప్పుడు లేదు. ఒక్కసారి ఊ కొడితే మీ సొమ్మేం పోతది?"

పాపం, అందరూ లేచి నిటారుగా కూర్చున్నారు. ఇన్‌స్పెక్షన్ నాడు నా క్లాసులో పిల్లలు కూర్చున్నట్టు. ఒకరు చెంపలు కొట్టుకున్నారు, ఒకరు సీసా నీళ్లతో మొహం తడుపుకున్నారు. తెర మీది కాక ఘట్టం ముగించి చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక నుంచి "ఊ" అని వినిపించింది, అందరూ కలిసి, బుద్ధిగా. గెలిచాననుకున్నాను.

కాక వెనక్కి తిరిగాడు. తెర వెలుగు వాళ్ల మొహాల మీద పడుతోంది. ఎర్రటి కళ్లు, వాలిపోతున్న రెప్పలను బలవంతంగా ఎత్తిపట్టుకుని చూస్తున్న కళ్లు. ఆయన వరుస వరుసా చూశాడు, చాలాసేపు. తర్వాత నా కొంగు పట్టి కిందికి లాగాడు.

"సౌండ్ తగ్గియ్యి బిడ్డా."

"కాకా, నీ గొంతు కాకా. ఇన్నేండ్లకు దొరికింది. జనం ఊ కొడుతున్నరు, ఇంకేం కావాలె?"

ఆయన తెర వైపు వేలు చూపించాడు. "నేను చెప్పేది ఇంటున్నవా?"

అప్పటిదాకా నేను గొంతు విన్నాను గానీ కథ వినలేదు. తెర మీద కాక చెబుతున్నది ఒక కార్మికుడి కథ. పగలంతా మరదలి పెళ్లిలో ఊరేగి, నిద్ర లేకుండా రాత్రి డ్యూటీకి దిగాడు. కప్పు పగిలే చప్పుడు వచ్చింది. పక్కవాళ్లు ఉరికారు, అతనికి మాత్రం వినబడలేదు.

కాక నా చెవి దగ్గర నోరు పెట్టాడు. "నిద్ర లేనోడు బాయిల దిగొద్దని జాగ జాగకు తిరిగి చెప్పిన. గిప్పుడు నేనే లేపాల్నా?"

ఆపరేటరుకు సైగ చేశాను. సౌండు తగ్గింది. కాక లేచి జనం వైపు తిరిగి, రెండు అరచేతులూ మెల్లగా కిందికి దించాడు, పడుకోండి పడుకోండి అన్నట్టు. నా ఉద్యోగ జీవితంలో ఇంత తొందరగా అమలైన ఆదేశం నేను చూడలేదు. ఒక్కొక్క కుర్చీ వెనక్కి ఒరిగింది.

"గేటు మీద తువ్వాలలు లేవేంది?" అన్నాడు కాక.

కుర్చీ కింద మూట చూపించాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, భుజం మీది జరీ శాలువా తీసి, తలుపు దగ్గరికి నడిచి, బయటి గడియకు వేలాడదీసి వచ్చాడు. అధ్యక్షుడు మళ్లీ మైకు వైపు పోబోతున్నవాడు, కాక ఆ శాలువా వెయ్యడం చూసి ఆగిపోయాడు. ఆయన కూడా ఈ క్వార్టర్లలో పెరిగినవాడే. మైకు కింద పెట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి పోయాడు.

కాక తన కుర్చీ ఎత్తి, చప్పుడు కాకుండా స్పీకరు డబ్బా పక్కన వేసుకున్నాడు. దానికి చెవి ఆనించి కూర్చున్నాడు. నేనూ పోయి ఆయన పక్కన నేల మీద కూర్చుని, ఇంకో వైపు చెవి పెట్టాను. లోపల చిన్నగా తంబూర, చిన్నగా గజ్జెలు, చిన్నగా మా కాక. ఆయన కళ్లు మూసుకున్నాడు, పెదాలు కదులుతున్నాయి. చర్చిలో కదిలినట్టే, కానీ ఈసారి వాటికి గొంతు ఉంది.

తెర మీది కాక ఇంకో ఘట్టం ముగించి, చెవికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. అంత తక్కువ సౌండులో తెరలోని జనం ఏమన్నారో వినబడలేదు. హాలులో చివరి వరుస నుంచి మాత్రం ఒక గురక వచ్చింది, నిండుగా, తీరిగ్గా. దాని వెనకే ఇంకొకటి.

కాక కళ్లు తెరిచి నా వైపు చూశాడు. మీసం రంగు కరిగి పెదవి మీదికి దిగింది. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

"ఊ కొడుతున్నరు బిడ్డా" అన్నాడు.

నేను చెయ్యి చాపి, డబ్బా మీది మీట తిప్పి సౌండు ఇంకొంచెం తగ్గించాను.